ముందు ఒక్కటే, వెనక ముప్పై

తమిళంలో చదువుకున్నవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

నేను చాలా ఏండ్లు రైల్వే క్వార్టర్సులో ఉన్నాను. గోడకు గోడ ఆనుకున్న వరుస ఇండ్లంటే అందుకే నాకు మక్కువ. ఈరోజు ఇంగ్లండులోని బాత్ నగరంలో ఉన్న రాయల్ క్రెసెంట్ గురించి చెప్తాను.

తండ్రీ కొడుకులిద్దరి పేరూ జాన్ వుడ్డే. ఇది కొడుకు పని. 1767లో మొదలుపెట్టి 1774కు ముగించారు. నెలవంకలా వంగిన ఒకే వరుసలో 30 ఇండ్లు. అంతా తేనెరంగు బాత్ రాయి. కింది అంతస్తు సాదా గోడ. దానిమీద రెండంతస్తుల ఎత్తున 114 అయోనిక్ స్తంభాలు. దూరంనుంచి చూస్తే ఒకే రాజభవనం అనిపిస్తుంది.

వెనక్కి వెళ్తే కథ వేరు. వుడ్ నిర్ణయించింది ముందుభాగం మాత్రమే. లోపల, వెనక ఎవరికి కావలసినట్టు వాళ్ళు కట్టించుకున్నారు. ఎత్తులు, కిటికీలు ఒకదానితో ఒకటి కలవవు.

1970లలో ఒకావిడ తన వాకిలి తలుపుకు పసుపు రంగు వేయించింది. అన్నీ తెల్లగా ఉండాలని అధికారులు అడ్డుపడ్డారు. ఆవిడ పోరాడి గెలిచింది.

మన సంగతీ అంతే. వీధిలో అందరితోపాటు తమిళం మాట్లాడతాం, అందులో తప్పేమీ లేదు. ఇంటి లోపలిభాగం మాత్రం మనమే కట్టుకోవాలి. నా మనవడు నాకు తమిళంలోనే బదులిస్తాడు. తప్పు వాడిది కాదు, కట్టకుండా వదిలేసింది నేను. ఇకమీదట మా ఇంట్లో అన్నం దగ్గర తెలుగే.