2⁶⁷ − 1 (మెర్సెన్ సంఖ్య)

2⁶⁷ − 1 అనేది 14,75,73,95,25,89,67,64,12,927 అనే 21 అంకెల సంఖ్య. ద్విసంఖ్యామానంలో రాస్తే వరసగా 67 ఒకట్లు. 1644లో ప్రధాన సంఖ్యల జాబితాకెక్కిన ఈ సంఖ్య ప్రధానం కాదని 1876లో తేలింది. దీని కారణాంకాలు మాత్రం 1903లో గానీ బయటపడలేదు.

మెర్సెన్ జాబితా

ఏ సంఖ్యకైనా అది కాక మిగిలిన భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే వస్తే దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు. 1, 2, 4, 7, 14 కూడితే 28 వస్తుంది. 28 అంటే 4 × 7. అందులో 7 అంటే 2³ − 1. ఈ రూపంలోని ప్రతి ప్రధాన సంఖ్యా ఒక పరిపూర్ణ సంఖ్యను ఇస్తుందని యూక్లిడ్ నిరూపించాడు. ఫ్రెంచ్ క్రైస్తవ సన్యాసి మారన్ మెర్సెన్ (1588–1648) 1644లో, 257 దాకా ఉన్న ఘాతాంకాల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలనిస్తాయని ప్రకటించాడు. ఇందులో 67, 257 తప్పులు. 61, 89, 107 వదిలేసినవి.

ల్యూకా పరీక్ష

1876లో ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వర్డ్ ల్యూకా 2⁶⁷ − 1 సంయుక్త సంఖ్య అని నిరూపించాడు. ఆయన పద్ధతికి తర్వాత గణితవేత్త లెహ్మర్ ఇచ్చిన రూపం సులువైనది: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. దీన్నే 65 సార్లు చేశాక సున్నా మిగిలితేనే 2⁶⁷ − 1 ప్రధానం. మిగలకపోతే కాదని తెలుస్తుంది, ఏ సంఖ్య దాన్ని భాగిస్తుందో తెలియదు.

కోల్ విభజన

గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ (1861–1926) 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఆ లోటు తీర్చాడు:

2⁶⁷ − 1 = 19,37,07,721 × 7,61,83,82,57,287

ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా నల్లబల్ల మీద ఒక పక్క 2⁶⁷ − 1 విలువ కట్టి, మరో పక్క ఈ గుణకారం చేసి, రెండూ ఒకటేనని చూపి కూర్చున్నాడని, సభ చప్పట్లు కొట్టిందని, ఇందుకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయని తర్వాత చెప్పాడని గణితవేత్త ఇ. టి. బెల్ రాశాడు. ఈ కథకు బెల్ కథనమే ప్రధాన ఆధారం.

2⁶⁷ − 1 భాజకం ఏదైనా 134తో భాగిస్తే 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 లేదా 7 మిగలాలి. ఇంత వడపోసినా చిన్న కారణాంకం 134కు 14,45,580 రెట్లకు ఒకటి ఎక్కువ. వరసగా భాగిస్తూ పోతే చేతికి అందే దూరం కాదు.

ప్రాముఖ్యం

సంఖ్య ప్రధానమా కాదా తేల్చడం ఒక పని, దాన్ని విడగొట్టడం వేరే పని. ఈ సంఖ్య విషయంలో రెంటి మధ్యా 27 ఏళ్లు గడిచాయి. మొదటిది వేగంగా చేసే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. రెండోదానికి మామూలు కంప్యూటర్లపై అలాంటి పద్ధతి ఇంకా దొరకలేదు. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపి భద్రత ఆ కష్టం మీదే నిలిచి ఉంది.