తామ్రఫలకములపై బతావియుల తిరుగుబాటు

1612లో ఆంట్వెర్ప్ నగరమున ఒక చిత్రగ్రంథము వెలువడెను. అందలి చిత్రములు 36. క్రీ.శ. 69-70లో రైన్ నదీముఖమున నివసించిన బతావియులను తెగ రోమక సామ్రాజ్యముపై చేసిన తిరుగుబాటు వాని కథావస్తువు. చిత్రములను రచించినవాడు రూబెన్స్‌కు గురువైన ఒట్టో వాన్ వేన్. రాగిరేకులకెక్కించినవాడు ఫ్లారెన్సులో పుట్టి రోములో స్థిరపడిన ఆంటోనియో టెంపెస్టా. మైనము పూసిన రేకుపై సూదితో గీసి, ఆ గీతలను ఆమ్లముచే తినిపించి, సిరా నింపి కాగితముపై అచ్చొత్తుట ఈ విద్య. రోముపై తిరుగుబాటును చెక్కుటకు రోమునగరవాసియే దొరకుట చిత్రమే.

బతావియులు రోముకు పన్ను కట్టలేదు. మనుష్యులను, ఆయుధములను మాత్రమే ఇచ్చిరి. విటెల్లియస్ చక్రవర్తి కొరకు సైన్యమును కూర్చు అధికారులు వృద్ధులను, రోగులను పట్టుకొని విడుదలకై లంచము గుంజిరి; అందమైన బాలురను కామమునకై ఈడ్చుకొనిపోయిరి. రోమక సేనలో పెక్కేండ్లు పనిచేసిన జూలియస్ సివిలిస్ తన జాతి పెద్దలను పవిత్రవనమున విందుకు పిలిచి ప్రమాణము చేయించెను. అతడు ఏకాక్షి, హానిబాల్‌ కూడ ఒంటికంటివాడేనని గర్వపడినవాడు. యుద్ధములో అతనికి నీరే పెద్ద సహాయము. కట్టలు తెంచి శత్రువు దారిని ముంచెను. కలకత్తా చెంత ఉప్పునీటి బురదనేలలను హుగ్లీ పూడికమట్టితో నింపి 1960ల నుండి నిర్మించిన సాల్ట్ లేక్‌ను ఎరిగినవారికి, నీటికిని నేలకును నడుమ హద్దు ఎంత చపలమో తెలియును.

ఈ కథ అంతయు టాసిటస్ వ్రాసినది. బతావియులు తమ మాటగా ఒక్క పంక్తి విడువలేదు. గెలిచినవాని గ్రంథమునుండియే ఓడినవాని ముఖమును ఊహింపవలసి వచ్చెను.

1612 నాటికి ఆ ముఖముతో అవసరము కలిగినవారు డచ్చివారు. స్పెయినుపై తిరుగుబాటు చేసి, 1609లో పండ్రెండేండ్ల సంధి పొంది, క్రొత్త రాజ్యమునకు పాత వంశవృక్షము వెదకుచుండిరి. స్పెయిను రోమయ్యెను, బతావియులు పితరులైరి. 1613లో వారి ప్రతినిధిసభ ఇదే కథపై వాన్ వేన్ గీసిన 12 వర్ణచిత్రములను కొనెను. ఆ చిత్రకారుడో, లైడెనులో పుట్టినను, స్పెయిను పక్షపు ఆంట్వెర్ప్‌లో నివసించు కాథలిక్కు! పితరులు మర్యాదస్థులుగా ఉండవలెనని కొనువారి కోరిక. అర్ధశతాబ్దము తరువాత రెంబ్రాంట్ ఆమ్‌స్టర్‌డామ్ నగరసభామందిరమునకై గ్రుడ్డికంటిని దాచక, సివిలిస్‌ను మొరటు దొరగా చిత్రించెను. దానిని త్వరలోనే దింపివేసిరి. కోసివేయగా మిగిలిన భాగము నేడు స్టాక్‌హోమ్‌లో నున్నది. మర్యాదగల చిత్రమాలకంటె ఆ ముక్కయే బతావియునికి సన్నిహితమనిపించును.

పితృభక్తి అంతటితో ఆగలేదు. 1605లో మచిలీపట్నము చేరిన డచ్చి వర్తకులు 1619లో జావాద్వీపమున జకార్తాను జయించి, అచ్చట నిర్మించిన కోటపట్టణమునకు బతావియా అని పేరుపెట్టిరి. సామ్రాజ్యముపై కత్తిదూసిన తెగపేరు మరియొక సామ్రాజ్యపు రాజధానికి తగిలినది.

బంగాళమున కథ వేరుగా నడచెను. 1855 జూన్ 30న భొగ్నాడిహ్ గ్రామమున గుమిగూడిన సంతాలులు సిద్ధూ, కాన్హూల నాయకత్వమున కలకత్తాకు నడువ సంకల్పించిరి. వడ్డీవ్యాపారులు, జమీందారులు, పోలీసులు పెట్టిన బాధ దానికి హేతువు. ఆ పోరాటపు దారుఫలక చిత్రములు 1856లో ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో వెలువడెను. మూలరేఖలు గీసినవాడు వాల్టర్ షెర్విల్ అను కంపెనీ సైనికోద్యోగి. విల్లంబులతో గుంపు కానవచ్చును; సిపాయిల వరుస నిలుకడగా నుండును. అయినను సంతాలులు బతావియులవలె మూగవారు కారు. ఆ సంఘటనను వారు 'హూల్' అని తమ మాటతోనే పిలిచిరి, పాటలలో నిలుపుకొనిరి.

మనకు 1879 నాటి రంప కలదు. గోదావరి మన్యపు ఆ పోరాటమును సర్కారు కాగితములు 'పితూరీ' అనినవి; మనమును అదే పేరుతో పిలుచుచున్నాము. ఆ మాటకే నేటి తెలుగున చాడీయని అర్థము.

టాసిటస్ గ్రంథము నడుమనే తెగిపోయినది. నడుమ తెగగొట్టిన వంతెనకు ఈ కొసను సివిలిస్, ఆ కొసను రోమక సేనాని సెరియాలిస్ నిలిచి సంధికై మాటలాడుచుండగా ప్రతి ముగియును. వాన్ వేన్ ఆ వంతెనను కూడ చిత్రించెను.