ఆర్మూరు కిరాయి మాటలు

నవనాథ సిద్ధుల గుట్ట చెంత, హైదరాబాదు నుండి నాగపూరునకు పోవు రాచబాటయు, నిజామాబాదు నుండి జగదల్‌పూరు దిశగా సాగు బాటయు కలియు చోట ఆర్మూరు పట్టణము వెలసియుండుటచేత, పరిసర గ్రామములందు పండిన పసుపును దూరపు విపణులకు చేర్చుట ఇచ్చటివారికి నిత్యకృత్యమయినది. సరుకు పరుల వాహనముపై సాగవలసిన చోట దానికి మూల్యము చెల్లింపక తప్పదు. ఆ మూల్యమునకును, ఆ వాహనములకును జనులు పెట్టుకొనిన పేరులను పరిశీలించినచో, ఈ పట్టణమునకు లోకముతో గల సంబంధ చరిత్ర అంతయు గోచరించును.

వీనిలో ‘బండి’ అతిప్రాచీనము. తమిళమున వండి, కన్నడమున బండి యనబడు ఈ శబ్దము ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. ఉడుకబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తిన పసుపు కొమ్ములను తరతరములుగా అంగడికి చేర్చినది ఎడ్లబండియే. మనుష్యులు కూర్చుండి పోవుటకై పైకప్పు కట్టిన బండిని మాత్రము తెలంగాణమున సవారి కచ్చురమనిరి. ఇందలి సవారి శబ్దము పారసీకము. బరువు మోయు బండికి ఇంటి భాషయందలి పేరు నిలువగా, సుఖప్రయాణపు బండికి పాలకుల భాష నుండి పేరు లభించినది.

ప్రయాణ మూల్యమును రాయలసీమవారు బాడుగ యందురు. కన్నడపు బాడిగె, తమిళపు వాడగై, సంస్కృత భాటకము దీనికి చుట్టములు. కోస్తావారు అద్దె యందురు. ఆర్మూరువారి మాట కిరాయి. అరబ్బీ శబ్దమిది, పారసీ ఉర్దూలగుండా ఆసఫ్‌జాహీల కచేరీలలో స్థిరపడి, అచ్చటినుండి రైతు నాలుకకెక్కినది. బస్తాలనెత్తు ‘హమాలి’ పేరును అరబ్బీలో మోయుట యను ధాతువునుండి పుట్టినదే; ఇస్తాంబులునందు బరువులు మోయువానిని సైతము హమాల్ అనియే పిలుతురు.

1900 ప్రాంతమున గోదావరి లోయ రైలుమార్గము నిజామాబాదును తాకినను, ఆర్మూరునకు రైలు వచ్చినది 2017లో మాత్రమే. కావున ఇచ్చటి వ్యవహారమంతయు రహదారి వాహనములపైననే పెరిగినది. 1932 జూన్ మాసమున నిజాము ప్రభుత్వము 27 బస్సులతోడను, 166 మంది ఉద్యోగులతోడను రహదారి రవాణాశాఖను ఆరంభించినది. ఆ బస్సు పేరు పుట్టుక యిట్టిది: 1820ల దశకమున ఫ్రాన్సునందలి నాంత్ నగరమున అందరికొరకు నడచిన బండిని లాటిను మాటతో ‘ఆమ్నిబస్’ అనిరి. దాని చివర మిగిలిన ‘బస్’ కేవలము ‘కొఱకు’ వంటి విభక్తి ప్రత్యయము. ఆ ప్రత్యయమే నేడు మన పల్లెల పూర్ణపదము.

జపానువారి ‘జిన్‌రికిషా’కు నరశక్తితో నడచు శకటమని యర్థము. అందలి నరుని సూచించు ‘జిన్’ జారిపోయి రిక్షాయైనది. దానికి యంత్రమమరగా, తానుగా అను నర్థముగల గ్రీకు ‘ఆటో’ ముందు చేరి ఆటోరిక్షాయైనది. తుదకు రిక్షాయును తొలగి ఆటో మిగిలినది. నరుని శ్రమ వాహనమునుండి తొలగిన క్రమమునే పదమును అనుసరించినది.

ఇక పసుపు బస్తాలను నిజామాబాదు మార్కెట్ యార్డునకో, మహారాష్ట్రమునందలి సాంగ్లీకో చేర్చు వాహనములలో లారీకంటె చిన్నదగుదానిని తెలంగాణమంతటను ‘డీసీఎం’ అందురు. ఢిల్లీ క్లాత్ మిల్స్ అను బట్టల మిల్లు సంస్థ 1980ల దశకమున టొయోటాతో కూడి లారీలను నిర్మించినది. ఆ బండ్ల తయారీ నిలిచిపోయినను, ఆ మిల్లు పొడియక్షరములు మాత్రము ఆ పరిమాణముగల ప్రతి బండికిని పేరై నిలిచినవి.

పండితుడు కల్పింపని ఈ మాటలు రైతులు, హమాలీలు, బండివాండ్రు తమ అవసరముకొలది స్వీకరించి తెలుగు చేసికొన్నవి. అన్యభాషాజన్యములని వీనిని చిన్నచూపు చూచుట న్యాయము కాదు. కచ్చురమెక్కి ప్రయాణము చేసిన వృద్ధులు ఇంకను మన నడుమ ఉండగనే, ఆర్మూరు ప్రాంతపు ఉపాధ్యాయులును విద్యార్థులును ఊరూరను ఈ పదములను సేకరించి, అర్థముతోడను ప్రయోగముతోడను గ్రంథస్థము చేయుదురుగాక.