వేడిగాలికి పెరటి గుమ్మం

రాజపాళయం నూలు మిల్లుల ఊరు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించిన నాటినుంచీ, యంత్రం ఉన్నచోట వేడి ఉంటుందని మనవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ వేడి పోయే దారి లేకపోతే ఎంత చల్లగాలి తోలినా దండగే. మోటారు కారు చరిత్ర చెప్పేదీ ఇదే.

మన తమిళనాటి తెలుగువాడే అయిన కోయంబత్తూరు జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడిపాడు. ఆ కాలపు మోటారు బండ్లలో చాలావాటికి బానెట్టు పక్కల వరసగా చీలికలుండేవి. రేడియేటరు దాటి వేడెక్కిన గాలి వాటిలోంచి పోయేది. తర్వాత అందం కోసం బానెట్టు నున్నబడింది, చీలికలు పోయాయి.

పందెపు కార్లకు అవి మళ్లీ కావలసివచ్చాయి. ముక్కులోంచి దూరిన గాలి బయటపడక లోపలే పేరుకుంటే రేడియేటరులోకి కొత్తగాలి రాదు. పైగా కారు ముందుభాగం తేలిపోతుంది. 1966 నుంచి 1969 దాకా వరసగా నాలుగేళ్లు లె మాన్ పందెం గెలిచిన ఫోర్డ్ జీటీ40 కార్లకు ఇంజను డ్రైవరు వెనక, రేడియేటరు ముందు. దాని వేడిగాలి ముక్కు పైనున్న రంధ్రాలలోంచి పోయేది.

రంధ్రం ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. పరుగులో బానెట్టు ముందుభాగం మీద ఒత్తిడి తక్కువ. అక్కడ తెరిస్తే వేడిగాలిని బయటికి లాగేస్తుంది. అద్దం మొదట్లో ఒత్తిడి ఎక్కువ. అక్కడ తెరిస్తే గాలి లోపలికే వస్తుంది. 1969 నాటి షెవర్లే కమారోలో ఒక రకం బానెట్టుకు అద్దం వైపే నోరు పెట్టి, ఇంజను పీల్చే గాలిని అక్కడినుంచే తీసుకున్నారు.

వేడి తగ్గుతుందని బానెట్టు వెనక అంచు ఎత్తి బిగించే కుర్రవాళ్లు గమనించవలసింది ఇదే. నిలిచిన బండిలో వేడి అటునుంచి పైకి పోవచ్చు. పరుగులో ఆ దారి తిరగబడుతుంది. గాలి వచ్చే వాకిలి ఒక్కటే చాలదు. పోయే పెరటి గుమ్మమూ ఉండాలి, అదీ సరైన దిక్కున.