పొలిమేరకు కంప, రచ్చబండకు గుంపు

2020 మార్చి చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అనేక పల్లెల పొలిమేర దారులకు అడ్డంగా తుమ్మకంప పడింది. బయటివారెవరూ లోపలికి రాకూడదు. అంతవరకు మంచిదే. అయితే కంప వేయించిన పెద్దలే సాయంత్రానికి వేపచెట్టు కింద భుజాలు తగిలేలా కూర్చున్నారు. ముసలివారికి చెప్పినా చెవికెక్కదని యువకులు విసుక్కున్నారు. పడుచువారికి భయం లేదని పెద్దలు నిందించారు. పెద్దల తీరుకు మొండితనమే కారణమని నేననుకోను. అందులో కొంత చరిత్ర ఉన్నది.

1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు తరువాతి సంవత్సరాలలో నిజాం రాజ్యానికీ వచ్చింది. ఇంట్లో ఎలుకలు రాలిపడితే చాలు, జనం ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకునేవారు. మేకలూ కోళ్లతో సహా ఊరంతా కదిలేదని మా నాయనమ్మ చెప్పేది. ప్లేగును మోసేది ఎలుకల ఒంటి మీద బతికే కీటకమని ఫ్రెంచి వైద్యుడు సైమండ్ 1898లో మన ఉపఖండంలోనే కనుగొన్నాడు. కారణం తెలియకపోయినా మనవారు చేసిన పని సరైనదే. కాని ఒక్క విషయం గమనించండి. అది మనిషికీ ఇంటికీ మధ్య దూరం, మనిషికీ మనిషికీ మధ్య కాదు. గుడిసెల దగ్గర అందరూ కలిసే ఉన్నారు.

మశూచి సంగతి వేరు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు, పరాయివారు ఆ గడప తొక్కేవారు కాదు. మశూచి సాధారణంగా లక్షణాలు మొదలయ్యాకనే ఇతరులకు అంటుతుంది గనుక ఆ కట్టుబాటు కూడా చాలావరకు పనిచేసింది. కోవిడ్ అలా కాదు. దగ్గైనా లేని మనిషి నుంచి కూడా, లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే సోకుతుంది. మన ఊరివాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, దూరమెందుకు అనే పెద్దల లెక్క అక్కడే తప్పింది.

ఊపిరి ద్వారా వ్యాపించే జబ్బు మనకు కొత్త కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా 20 నుంచి 40 ఏళ్ల వారిని ఎక్కువగా బలిగొన్నది. 1911లో 1 కోటి 33 లక్షలకు పైగా ఉన్న హైదరాబాదు సంస్థాన జనాభా 1921 నాటికి 1 కోటి 24 లక్షలకు పడిపోయింది. కరువుకూ ప్లేగుకూ అందులో వాటా ఉన్నా, ఈ జ్వరానిది పెద్ద వాటా. అయినా మా నాయనమ్మ కథలలో ప్లేగుకు గుడిసెలున్నాయి, గత్తరకు పోచమ్మ మొక్కులున్నాయి. ఆ జ్వరానికి ఏమీ లేదు. కొద్ది నెలలలో వచ్చి పోయింది, ఆచారాన్ని మిగల్చలేదు.

ఇక యువకులు. బొంబాయి, భివండీల నుంచి తిరిగివచ్చిన పాలమూరు వలస కూలీలను దూరంగా ఉండమన్నాము. ఒంటిగది ఇంట్లో ఎక్కడ ఉండాలి? 2021 మే నెలలో నల్లగొండ జిల్లాలోని ఒక గిరిజన పల్లెలో కోవిడ్ సోకిన విద్యార్థి చెట్టు మీద వెదురుకర్రలతో పడక కట్టుకుని 11 రోజులు గడిపాడు. యువతకు బాధ్యత లేదనే వారికి నేను ఈ సంగతే చెబుతుంటాను.

పిల్లల కష్టం మరొకటి. 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని పిల్లలు ఉన్నవారి ఇంట్లో గుమికూడారు. 65 ఏళ్లు దాటినవారు, 10 ఏళ్లలోపు పిల్లలు ఇల్లు కదలరాదని కేంద్రం చెప్పింది. ఆ ఇద్దరూ పడుకునేది చాలా ఇళ్లలో ఒకే మంచం మీద. కూలికి వెళ్లివచ్చే కొడుకు కూడా అదే గదిలో.

ఆ రోజులలో మా ఊరి పెద్దలకు ఫోన్‌లో ఒక మాట చెప్పాను: "ప్లేగు గుడిసెలు గుర్తున్నాయి గదా, ఈసారి ఎవరి గుడిసె వారిదే అనుకోండి." వెంటనే అర్థమైంది. మరునాడు మంచాలు దూరం దూరంగా వేసుకున్నారట. మూడో రోజుకు మళ్లీ దగ్గరయ్యాయి. ఎందుకని మా తమ్ముడిని అడిగాను. "అందరికీ చెవుడే అన్నా, అంత దూరం నుంచి ఒకరి మాట ఒకరికి వినబడతలేదు" అన్నాడు.