ట్రాక్టరు వెనుక తిరిగే కడ్డీ కథ



మీ ట్రాక్టరు వెనుక ఇంజను బలాన్ని రోటవేటరుకు అందించే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దానిని పి.టి.ఓ. షాఫ్టు అంటాము. టైరు కొనడానికి నాలుగు ఊళ్లు తిరిగే మన రైతు, ఈ షాఫ్టు దగ్గరకు వచ్చేసరికి "ఏదో ఒకటి వెయ్యవయ్యా" అంటాడు. ఈ వేళ దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకుందాము. చరిత్ర మనకెందుకులే అనకండి. ఏ భాగం ఎందుకు వచ్చిందో తెలిస్తే, ఎక్కడ చెడుతుందో కూడా తెలుస్తుంది.

పూర్వం అమెరికా, ఐరోపా దేశాల్లో గోధుమ కోసి కట్టలు కట్టే యంత్రాన్ని గుర్రాలు లాగేవి. మరి కత్తి ఆడటానికి బలం ఎక్కడిది? యంత్రం కింద ఒక పెద్ద చక్రం ఉండేది. అది నేల మీద దొర్లుతుంటే పళ్లచక్రాల ద్వారా కత్తి ఆడేది. నేల గట్టిగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. వాన పడితే చక్రం దొర్లక జారేది, కత్తి ఆగేది, పంట చేలోనే నిలిచేది. కోతల వేళ వాన పడితే రైతు ప్రాణం ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

1906 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు ఆల్బర్ట్ గూజీ అనే ఆయన ట్రాక్టరు ఇంజను నుంచే ఒక కడ్డీ తీసి కోత యంత్రానికి తగిలించాడు. ఇక చక్రం జారినా కత్తి ఆగదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఇంజనీరు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అది చూచి ముచ్చటపడ్డాడు. ఆ ఆలోచనే 1918లో వారి 8-16 అనే ట్రాక్టరులో అమ్మకానికి వచ్చింది. తరువాత 1920లలోనే అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం కొలతలు ఖాయం చేసింది. నేడు మన ట్రాక్టర్ల వెనుక కనిపించే 1 3/8 అంగుళాల మందం, ఆరు గాడులు, నిమిషానికి 540 చుట్లు ఆ ఒరవడిలోనివే. 1000 చుట్ల రకం 1958లో వచ్చింది. దానికి 21 సన్న గాడులు పెట్టారు, ఒకదాని షాఫ్టు మరొకదానికి పొరపాటున కూడా ఎక్కకూడదని. అయితే కొన్ని ట్రాక్టర్లలో లివరు మారిస్తే ఆరు గాడుల కడ్డీయే 1000 తిరుగుతుంది. పనిముట్టు మీద 540 అని ఉంటే లివరు ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

ఇక కీలు సంగతి. రోటవేటరు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. కడ్డీ తిన్నగా ఉండదు. వంగినా తిరగాలి. ఇందుకు రెండు ఇనుప పంగలను ఒక క్రాసుతో కలిపే కీలు ఉంది. దానికి 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు నిలిచింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ ఆకాశాన్ని చూసే పరికరాల కోసం దీనిని వివరించాడు. 1903లో అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ మోటారు కార్లకు తగినట్లు మలచి పేటెంటు పొందాడు. అంతవరకు చాలా కార్లు గొలుసుతో నడిచేవి.

ఈ కీలుకు పుట్టుకతో వచ్చిన దోషం ఒకటుంది. వంగి తిరిగేటప్పుడు వేగం సమంగా ఉండదు. 30 డిగ్రీల వంపులో ఇటు 540 సమంగా తిరుగుతున్నా, అటు వైపు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 468కి తగ్గి, రెండుసార్లు 624కి ఎగురుతుంది. అందుకే రెండో చివర మరో కీలు పెడతారు. రెండు వంపులూ సమానంగా ఉండి, నడిమి కడ్డీకి రెండు చివర్లా ఉన్న పంగలు ఒకే వరుసలో ఉంటే, మొదటిది చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. పంగలు అడ్డదిడ్డంగా ఉంటే దిద్దకపోగా తప్పు పెరుగుతుంది. 405 నుంచి 720 దాకా ఊగుతుంది. ఆ కుదుపుకు ముందు క్రాసు పోతుంది, తరువాత గేరుబాక్సు. మనం గేరుబాక్సును తిట్టుకుంటాము!

ఈ లెక్క డిప్లొమాలో చదివినవాణ్ణే. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గ్రామ ప్రదర్శనలో నేనే తప్పు చేశాను. గ్రీజు పెట్టడానికి షాఫ్టు విప్పి మళ్లీ తొడిగాను. చదరపు కడ్డీ చదరపు గొట్టంలో నాలుగు విధాల దిగుతుంది. రెండు సరి, రెండు తప్పు. నాది తప్పుగా దిగింది. పైగా ప్లాస్టిక్ తొడుగు అడ్డమని తీసి గట్టు మీద పెట్టాను. చేలో దిగగానే దడదడ మొదలైంది. డ్రైవరు క్లచ్ తొక్కాడు, ట్రాక్టరు ఆగింది. "చప్పుడెక్కడిదిరా అబ్బాయ్?" అంటూ ఒక పెద్దాయన కండువా భుజాన ఉండగానే కిందికి వంగాడు.

ట్రాక్టరు ఆగింది గాని షాఫ్టు ఆగలేదు. దీనికీ చరిత్రే కారణం. పాత ట్రాక్టర్లలో క్లచ్ తొక్కితే రెండూ ఆగేవి. పనిముట్టులో గడ్డి చిక్కుకున్నప్పుడు బండి ఆపి దానిని తిరగనివ్వాలంటే కుదిరేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కాలంలో కెనడాలోని కాక్‌షట్ కంపెనీ తన మోడల్ 30 ట్రాక్టరుతో ఆ చిక్కు తీర్చింది. నేటి డబుల్ క్లచ్ ట్రాక్టరులో సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితేనే షాఫ్టు ఆగుతుంది. మా డ్రైవరు సగమే తొక్కాడు.

కండువా చిటికెలో పోయింది. అది మెడకు చుట్టి ఉండలేదు గనుక పెద్దాయన మిగిలాడు. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. మూడంగుళాల గొట్టం ఒక చుట్టుకు సుమారు 24 సెంటీమీటర్ల గుడ్డను లాగుతుంది. అంటే ఎనిమిది మూరల పంచె పూర్తిగా చుట్టుకోవడానికి రెండు సెకన్లు పట్టదు. చెయ్యి లాక్కునే వ్యవధి ఎక్కడిది? ఆ రోజు గట్టు మీద ఉన్న తొడుగును తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

షాఫ్టు కొనేటప్పుడు మీ ట్రాక్టరు గుర్రపు శక్తికి తగ్గనిదే తీసుకోండి. పొడవు ముఖ్యం: ఎంత సాగినా గొట్టంలో కడ్డీ మూడో వంతుకు తగ్గకుండా ఉండాలి, ఎంత ముడిచినా అడుగు తాకకూడదు. షేర్ బోల్టు తెగితే అదే రకం వేయాలి. గట్టి బోల్టు వేస్తే తెగేది గేరుబాక్సు పళ్లు.

వారానికొకసారి ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, కీలును చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పండి. టకటక ఆడితే క్రాసు అరిగినట్లే. పంగల వరుస కంటితో చూడండి. తొడుగు పగలకుండా, చేత్తో తిప్పితే విడిగా తిరుగుతూ ఉండాలి. దాని చిన్న గొలుసును ట్రాక్టరుకు కట్టాలి.

ఆ పెద్దాయన నిరుడు కొత్త షాఫ్టు కొన్నాడు. అంగడిలోనే దానిని సాగదీసి, జానతో కొలిచి, తొడుగు గొలుసు ఏదని అడిగాడట. గొలుసు లేదని తిరిగి వచ్చి, మరునాడు వేరే అంగడికి వెళ్లాడు.