కయాక్‌ను నీటిలో దించుట

కయాక్ అనేది ఒకరు లేదా ఇద్దరు కూర్చుని, రెండు చివరలా పలకలు గల తెడ్డుతో నడుపుకొనే సన్నని, తేలికైన పడవ. దీనిని ఒడ్డు నుండి నీటిలోకి చేర్చి, అందులో కూర్చుని, ఒడ్డును విడిచే వరకు గల దశను పడవను దించుట అంటారు. కొత్తగా నేర్చుకొనేవారు నది నడుమ కంటె ఒడ్డు దగ్గరనే, ఎక్కేటప్పుడు గాని దిగేటప్పుడు గాని ఎక్కువగా తలక్రిందులవుతారు. కావున తెడ్డు వేయుట కంటె ముందు నేర్వవలసిన విద్య ఇదే. ఈ వ్యాసంలో పడవను దించే సాధారణ పద్ధతులతో పాటు, తెలంగాణ రాష్ట్రంలోని మంచిర్యాల పరిసరాలలో గోదావరి నదికి సంబంధించి పాటించవలసిన జాగ్రత్తలు కూడా వివరించబడినవి.

పేరు, చరిత్ర

కయాక్ అనే పదము ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జాతి ప్రజల భాష నుండి వచ్చినది. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరవాసులు నీటిలో కొట్టుకొని వచ్చిన కలపతోను, తిమింగలపు ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీల్ జంతువు చర్మమును బిగించి ఈ పడవలను తయారు చేసుకొని, వేటకు వాడేవారు. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో కయాక్ పందెములు పతకాల పోటీలుగా ప్రవేశించినవి. ప్రస్తుతం అధికంగా కనిపించేవి ఫైబర్‌గ్లాస్ లేదా ప్లాస్టిక్‌తో చేసినవి.

మన ప్రాంతపు నాటు పడవ, దోనె, తెప్ప వంటివి చేపల వేటకు, నది దాటుటకు ఉద్దేశించినవి. కయాక్ విహారమునకు, క్రీడకు వాడబడుతున్నది. తెలంగాణలో వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి జలాశయము 2010వ దశకంలో కయాకింగ్ ద్వారా పేరు పొందినది. పడవ ఏదైనను, నీటి స్వభావము మాత్రము అందరికీ ఒకటే.

పడవ, సామగ్రి

కయాక్‌లు ప్రధానంగా రెండు రకాలు.

1. పైన కూర్చునేవి: వీటికి పైభాగము మూసి ఉంటుంది. కూర్చునేందుకు పైననే పల్లము ఉంటుంది. బోల్తాపడినపుడు మనిషి పడవ నుండి వేరుపడతాడు, మరల ఎక్కుట సులభము. కొత్తవారికి ఇవే అనుకూలము.
2. లోపల కూర్చునేవి: వీటిలో కాళ్ళు పడవ లోపలికి చాపుకొని కూర్చోవలెను. కూర్చునే రంధ్రమును కాక్‌పిట్ అంటారు. బోల్తాపడినపుడు ఇందులోనుండి బయటపడుటను శిక్షకుని సమక్షంలో ముందుగా అభ్యసించవలెను.

పడవకు ముందు కొనను అణియము అని, వెనుక కొనను అమరము అని అంటారు. తెడ్డు పొడవు సాధారణంగా 210 నుండి 240 సెంటీమీటర్ల వరకు ఉంటుంది.

దించుటకు ముందు కింది వాటిని ఒడ్డుమీదనే సరిచూసుకొనవలెను.

* లైఫ్ జాకెట్: శరీర కొలతకు, బరువుకు సరిపడినది ధరించి, పట్టీలన్నీ బిగించుకొనవలెను. భుజముల వద్ద పట్టుకొని పైకి లాగినపుడు గడ్డము దాటి పైకి రాకూడదు. దీనిని పడవలో పెట్టుకొని వెళ్ళుట వలన ప్రయోజనము లేదు. నీటిలో పడిన తరువాత దీనిని తొడుగుకొనుట మిక్కిలి కష్టము.
* నీరు తీసివేసే రంధ్రపు బిరడా: కొన్ని పడవలకు ఇది ఉంటుంది. దీనిని బిగించుట మరచినచో పడవ లోపల నెమ్మదిగా నీరు చేరుతుంది.
* ఈల: జాకెట్‌కు కట్టుకొనవలెను. నీటిమీద కేక కంటె ఈల శబ్దము దూరము వినిపిస్తుంది.
* దుస్తులు, పాదరక్షలు: చీర, లుంగీ, పొడవైన దుప్పట్టా కాళ్ళకు చుట్టుకొంటాయి. ఒంటికి పట్టి ఉండే దుస్తులు, మడమ పట్టీ గల చెప్పులు మేలు.
* తాడు: ఒక చేతికి గాని నడుముకు గాని తాడును చుట్టుకొనరాదు.
* సమాచారము: ఎక్కడికి వెళ్ళుచున్నది, ఎప్పుడు తిరిగి వచ్చునది ఒడ్డున ఉన్న ఒకరికి చెప్పవలెను. ఒంటరిగా వెళ్ళరాదు.

పడవ ఎందుకు ఒరుగుతుంది

కయాక్ వెడల్పు తక్కువ. అందులో కూర్చున్న మనిషి బరువు నీటి మట్టమునకు దగ్గరగా ఉన్నంతవరకు అది నిలకడగా ఉంటుంది. మనిషి నిలబడినచో గురుత్వ కేంద్రము పైకి పోయి, కొద్దిపాటి కదలికకే పడవ ఒరుగుతుంది.

రెండవ కారణము సగము నేలమీద, సగము నీటిలో ఉన్న పడవను ఎక్కుట. పడవకు నిలకడనిచ్చేది దాని నడుమ వెడల్పు భాగము నీటిమీద ఆని ఉండుట. ఒక కొన ఇసుకపై, మరొక కొన నీటిపై ఉన్నపుడు నడుమ భాగమునకు తగినంత ఆధారము దొరకదు. అప్పుడు పడవ సన్నని కొనలపై నిలిచిన కర్రవలె పక్కకు దొర్లుతుంది. కావున పడవ పూర్తిగా తేలిన తరువాతనే ఎక్కవలెను.

స్థలమును ఎంచుకొనుట

కొత్తవారికి తగిన రేవు క్రింది లక్షణములు కలిగి ఉండవలెను.

* ఒడ్డు క్రమంగా వాలుతూ, అడుగున గట్టి ఇసుక ఉండవలెను. బురద, ఊబి, నునుపైన నాచు బండలు పనికిరావు.
* నీరు నిలకడగా గాని, మెల్లగా కదలుతూ గాని ఉండవలెను. ప్రవాహము ఉన్న నదిలో ఒడ్డు మలుపు వెనుక గాని, పెద్ద బండ వెనుక గాని నీరు నెమ్మదించిన చోటు కనబడుతుంది.
* దిగువన వంతెన స్తంభములు, పడిన చెట్లు, చేపల వలలు, ఆనకట్ట గేట్లు ఉండరాదు. నీరు కొమ్మల సందుల గుండా పోతుంది గాని మనిషి పోలేడు, అక్కడనే చిక్కుకొంటాడు.
* ఎక్కిన చోటుననే దిగుటకు వీలుండవలెను. ఇది కాక, అలసినపుడు చేరదగిన మరొక చోటును కూడా ముందుగా చూసుకొనవలెను.
* గాలి దిశను గమనించవలెను. ఒడ్డు నుండి నీటివైపు వీచే గాలి ప్రమాదకరము. ఒడ్డు దగ్గర నీరు ప్రశాంతంగా కనిపించినను, కొంత దూరము పోగానే గాలి పడవను లోపలికి నెట్టివేస్తుంది. తిరుగు ప్రయాణములో ఎదురుగాలి తగులుతుంది.

దించు విధానము

ఇసుక ఒడ్డు: పడవను ఈడ్వక, ఇద్దరు చెరొక కొన పట్టుకొని మోయుట మంచిది. పిక్కల నుండి మోకాలి వరకు లోతు గల నీటిలో పడవను తేల్చవలెను. నీరు కదలుతున్నచో అణియమును ఎగువ దిశకు త్రిప్పి ఉంచవలెను. మనిషి పడవకు దిగువ వైపున నిలబడరాదు. నీరు నిండిన పడవ కొన్ని వందల కిలోగ్రాముల బరువై మనిషిని బండకో ఒడ్డుకో అదుముతుంది.

పైన కూర్చునే పడవలో, ముందుగా పక్కనుండి పిరుదులను ఆసనముపై ఆనించి కూర్చుని, తరువాత ఒక్కొక్క కాలిని లోపలికి తీసుకొనవలెను. కాలు పెట్టి నిలబడి, ఆ తరువాత కూర్చునే ప్రయత్నమే ఎక్కువ మందిని నీటిలో పడవేస్తుంది.

లోపల కూర్చునే పడవలో తెడ్డును కాక్‌పిట్ వెనుక అంచుపై అడ్డముగా ఉంచి, దాని ఒక పలకను ఒడ్డుపై గాని అడుగు నేలపై గాని ఆనించవలెను. ఒక చేత్తో తెడ్డును, కాక్‌పిట్ అంచును కలిపి పట్టుకొని, బరువును కొంచెము ఒడ్డు వైపునకే ఉంచుతూ, వెనుక అంచుపై కూర్చుని, కాళ్ళను లోపలికి జార్చవలెను. బరువంతా తెడ్డుపై మోపినచో అది విరుగుతుంది.

ఘాటు మెట్లు, తక్కువ ఎత్తు గల వేదిక: పడవను మెట్టుకు సమాంతరంగా ఆనించి, మరొకరిచేత పట్టించుకొనవలెను. మెట్టు అంచున కూర్చుని, రెండు పాదములను పడవ నడిమి గీతపై ఉంచి, శరీరమును వంచి ఒకే కదలికలో ఆసనముపైకి జరుగవలెను. ఒక కాలు మెట్టుపై, ఒక కాలు పడవలో ఉంచి ఆలోచించరాదు. ఆ వ్యవధిలోనే పడవ మెట్టునుండి దూరము జరుగుతుంది. నీటిని తాకే మెట్లకు నాచు పట్టి ఉంటుంది.

నిటారుగా ఉన్న గట్టు: ఇది కొత్తవారికి తగినది కాదు. నిపుణులు పడవలో కూర్చుని గట్టుపైనుండి జారుతూ నీటిలో దిగుతారు. దానిని అనుకరించరాదు.

పడవలో కూర్చున్న తరువాత వెంటనే బయలుదేరక, రెండు నిమిషములు ఒడ్డు దగ్గరనే నడుమును అటునిటు కదల్చి పడవ స్వభావమును తెలుసుకొనవలెను. ఆగుట, వెనుకకు పోవుట, త్రిప్పుట నేర్చిన తరువాతనే ముందుకు పోవలెను. మొదటి రోజులలో ఒడ్డుకు సమాంతరంగా, లోతు తక్కువ గల చోటుననే నడుపుట మంచిది.

నీటిలో పడినప్పుడు

పడవ తేలుతున్నంతవరకు దానిని వదలరాదు. తల ఒక్కటి కంటె పడవ దూరము నుండి కనబడుతుంది, తేలుటకు ఆధారముగా కూడా ఉంటుంది. అయితే అది గేట్ల వైపునకో, చెట్లలోనికో కొట్టుకొని పోవుచున్నచో వదలివేయవలెను. వేగముగా ప్రవహించే నీటిలో నిలబడుటకు ప్రయత్నించరాదు. పాదము బండల సందున చిక్కుకొన్నచో ప్రవాహము మనిషిని ముందుకు పడవేస్తుంది. వెల్లకిల తేలి, పాదములను దిగువ దిశకు చాచి, చేతులతో ఒడ్డువైపునకు ఈదవలెను.

ఒడ్డున ఉన్నవారు ఈత రాకుండా నీటిలో దూకరాదు. తాడు, వెదురు గడ, ఖాళీ డబ్బా వంటిది అందించవలెను. అత్యవసర సహాయమునకు 112, అంబులెన్సుకు 108 సంఖ్యలకు ఫోను చేయవచ్చును.

మంచిర్యాల పరిసరాలలో గోదావరి

మంచిర్యాల పట్టణము గోదావరి ఎడమ గట్టున ఉన్నది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రమైనది. నది ఇచ్చట ఒకే విధంగా ఉండదు. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ప్రమాదము ఉన్నది.

శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు: పట్టణమునకు ఎగువన ఉన్న ఈ ఆనకట్టకు 62 గేట్లు కలవు. నీటి నిల్వ సామర్థ్యము 20.175 టి.ఎం.సి.లు, పూర్తి నీటి మట్టము 148 మీటర్లు. జలాశయము చూచుటకు చెరువువలె ప్రశాంతంగా ఉంటుంది. కాని విశాలమైన నీటిపై గాలికి అడ్డు లేనందున అలలు త్వరగా లేస్తాయి. మునిగిన చెట్ల మొద్దులు, పాత గట్లు నీటి మట్టము తగ్గినపుడు పైకి వస్తాయి. ఆనకట్ట సమీపమునకు, నీటిని తోడే పంపుల సమీపమునకు వెళ్ళరాదు. సంబంధిత శాఖ అనుమతి లేకుండా జలాశయములో పడవను దించరాదు.

ఆనకట్ట దిగువ భాగము: మంచిర్యాల తీరము ఎల్లంపల్లికి దిగువన ఉన్నందున, ఇక్కడి నీటి మట్టము స్థానిక వర్షముపై కాక ఎగువ గేట్లపై ఆధారపడి ఉంటుంది. ఆకాశము నిర్మలంగా ఉన్నను, ఎగువన కడెం నది పొంగినచో ఎల్లంపల్లికి వరద చేరి, గేట్లు ఎత్తవలసి వస్తుంది. ఉదయము నడచి దాటిన ఇసుక తిన్నె కొద్ది గంటలలో మునిగిపోవచ్చును. 2022 జూలైలో వచ్చిన వరదకు గోదావరి నీరు రాళ్ళవాగు ద్వారా ఎదురెక్కి పట్టణములోని లోతట్టు కాలనీలు మునిగినవి. తిన్నెలపై పడవను నిలిపి విశ్రమించుట, ఈ కారణము చేత, ప్రమాదకరము.

సుందిళ్ల, అన్నారం బ్యారేజిలలో నీరు నిలిపిన కాలములో దిగువ నదిలో లోతైన నీరు ఉండేది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజి స్తంభములు కుంగిన తరువాత ఈ రెండింటిలోను నీటి నిల్వ నిలిపివేయబడినది. కావున కొన్ని సంవత్సరముల క్రిందటి ఛాయాచిత్రములను చూసి నది లోతును అంచనా వేయరాదు.

శివ్వారం అభయారణ్యము: జైపూర్ మండలములోని శివ్వారం వద్ద గోదావరి మడుగులు మంచినీటి మొసళ్ళకు ఆవాసము. ఈ ప్రాంతము వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించబడినది. ఇందులో ప్రవేశమునకు అటవీ శాఖ అనుమతి కావలెను. నీటి అంచున కూర్చుని, కాళ్ళు నీటిలో ఉంచి ఎక్కవలసిన కయాక్‌కు ఇది ఎంతమాత్రము తగని చోటు. మొసళ్ళు హద్దులు ఎరుగవు కనుక, సమీప మడుగులలో కూడా స్థానిక మత్స్యకారులను విచారించకుండా దిగరాదు.

ప్రాణహిత నది: మంచిర్యాల, కుమురం భీం జిల్లాల తూర్పు సరిహద్దున ప్రవహించే ఈ నదిని ప్రజలు నాటు పడవలపై దాటుట పరిపాటి. 2019 డిసెంబరులో ఈ నదిలో నాటు పడవ మునిగి ఇద్దరు అటవీ ఉద్యోగులు మరణించినారు. వర్షాకాలము ముగిసిన తరువాత జరిగిన ఈ ప్రమాదము, వరద లేని నదిని కూడా తేలికగా తీసుకొనరాదని తెలుపుతున్నది.

అనుకూలమైన కాలము: జూన్ నుండి అక్టోబరు వరకు వరద కాలము, కొత్తవారు నదిలో దిగరాదు. ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. సాయంత్రములలో ఈదురు గాలులు, పిడుగులు సంభవిస్తాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయపు వేళ అనుకూలము. పొగమంచు విడిచిన తరువాతనే బయలుదేరవలెను. మొదటి పాఠములకు నది కంటె, శిక్షకులు ఉన్న నిలువ నీటి చెరువు మేలు.

దించకూడని సందర్భములు

క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నను ఆ రోజు ప్రయాణమును మానుకొనవలెను.

* ఎగువన గేట్లు ఎత్తినట్లు గాని, ఎత్తబోవుచున్నట్లు గాని సమాచారము ఉన్నపుడు
* నీరు ఎర్రబారి, చెత్త, కొమ్మలు కొట్టుకొని వచ్చుచున్నపుడు
* ఒడ్డున గ్రుచ్చిన పుల్ల వద్ద నీరు పెరుగుచున్నట్లు కనబడినపుడు
* ఉరుము వినబడినపుడు
* మనిషికొక లైఫ్ జాకెట్ లేనపుడు
* మద్యము సేవించినపుడు, జ్వరము లేదా అలసట ఉన్నపుడు
* చీకటి పడుటకు రెండు గంటల కంటె తక్కువ సమయము ఉన్నపుడు
* స్థానిక మత్స్యకారులు తమ పడవలను ఒడ్డుకు లాగి ఉంచినపుడు

చివరి అంశమునకు కారణము స్పష్టము. జీవనోపాధికై నిత్యము నదిలో దిగేవారు మానుకొన్న రోజున, వినోదమునకై దిగవలసిన అవసరము లేదు.

ఇవి కూడా చూడండి

* గోదావరి నది
* ప్రాణహిత నది
* శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు
* కడెం ప్రాజెక్టు
* మంచిర్యాల జిల్లా
* పడవ
* ఈత